రూట్ గారి బదిలీ

కాకినాడలో డెల్టా రేవుల నిర్వహణ మండలి అని ఒక ఆఫీసు ఉండేది. గోదావరి పాయల మీద తిరిగే పడవలనూ, రేవు దాటించే పంటులనూ ఏటా పరీక్షించి, "ఇది మునగదు" అని ఒక కాగితం ఇవ్వడం దాని పని. పడవ తేలడానికి మండలి చేసేదేమీ లేకపోయినా, మండలి కాగితం లేకుండా తేలడం మాత్రం నేరం.

ఆ కాగితాలన్నీ మేడ మీద చివరి గదిలో ఉన్న ఒక యూనిక్స్ సర్వరులోంచి అచ్చయ్యేవి. దాన్ని ఏ సంవత్సరం కొన్నారో ఎవరికీ గుర్తులేదు కానీ ఏటా దసరాకి పెట్టిన కుంకుమబొట్లు మాత్రం పొరలు పొరలుగా ఉండేవి. దాని ఆలనాపాలనా చూసేవాడు పట్టాభి. కాంట్రాక్టు ఉద్యోగి. చేరి పద్నాలుగేళ్లయింది. పర్మనెంటు చేస్తామన్న మాటకి కూడా పద్నాలుగేళ్లే.

మార్చి నెలలో ఒక గురువారం ఉదయం పదింటికి కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయి వచ్చింది. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీలు కావాలని పట్టాభి రాసిన నోటు అప్పటికి ఏడాదిగా కింద ఏదో బల్ల మీద విశ్రాంతి తీసుకుంటోంది. అంచేత సర్వరు కూడా పోయింది. కరెంటు మళ్లీ వచ్చింది గానీ సర్వరు రాలేదు. రూట్ ఫైల్ సిస్టమ్ దొరకలేదని తెర మీద ఒక ముక్క చూపించి నిలబడిపోయింది.

రూట్ ఫైల్ సిస్టమ్ అంటే ఆ యంత్రానికి మొదటి బీరువా. నిద్ర లేవగానే తన పేరేమిటో, ఎవరెవరిని లోపలికి రానివ్వాలో, మిగతా బీరువాలు ఎక్కడున్నాయో అందులోనే చూసుకుంటుంది. ఆ బీరువాలో కాగితాలు చిందరవందరయితే ఇక దానికి ఏమీ తోచదు. పంటుల రికార్డులు వేరే డిస్కులో భద్రంగా ఉన్నాయి కాబట్టి పట్టాభి కంగారుపడలేదు. సీడీ పెట్టి యంత్రాన్ని లేపాలి, చెడిన డిస్కును తనిఖీ ప్రోగ్రాంతో సరిచేయాలి, పోయిన ఫైళ్లను బ్యాకప్ టేపులోంచి తెచ్చి పెట్టాలి. గంటన్నర పని. ఇంతకుముందు రెండుసార్లు చేశాడు. చేసినట్టు ఆఫీసులో ఎవరికీ తెలియదు కాబట్టి రెండుసార్లూ ఏ ఇబ్బందీ రాలేదు.

కింద వరండాలో బల్ల మీద ఓలేటి ఏడుకొండలు కూర్చుని ఉన్నాడు. కొత్తపాయలంక పంటుని నడిపే సరంగు ఆయన. అరవై దాటిన మనిషి. పంటు పరీక్ష మంగళవారం అయిపోయింది, పాసయింది, ఆ సంగతి బుధవారం యంత్రంలోకి ఎక్కింది. అచ్చుకాగితం ఒక్కటే మిగిలింది. పాత కాగితం గడువు ఆదివారంతో సరి.

"కాయితం అచ్చయిందాండి బాబూ?" అన్నాడు, కిందికి దిగొచ్చిన పట్టాభిని చూసి.

"మిషను పడుకుంది ఏడుకొండలు గారూ. గంటన్నరలో లేపేస్తాను. టీ తాగి రండి."

"టీ తాగే వచ్చేనండి. ఇంకోటి తాగుతాను లెండి. సోమారం నించి పదో తరగతి పరీక్షలు గదండీ, ఆ భయం. లంకలో పిల్లలు నలభైముగ్గురు అవతలొడ్డుకి దాటాలి. మా మనవరాలూ ఉందందులో. పంటు ఆగితే రోడ్డు మీంచి చుట్టు తిరిగి యాభై ఎనిమిది కిలోమీటర్లండి. బస్సు లేదు."

"అంతదాకా రాదు లెండి" అని పట్టాభి మేడెక్కాడు. సొరుగులోంచి సీడీ తీశాడు. తీశాక సర్వరు గది తలుపుకి అంటించిన సర్క్యులరు కంటబడింది.

ఆ సర్క్యులరు పుట్టి ఆరు నెలలయింది. మండలి కార్యనిర్వహణాధికారి త్రివిక్రమరావు గారు కంప్యూటరు భద్రత మీద రెండు రోజుల శిక్షణకి హైదరాబాదు వెళ్లివచ్చారు. మొదటి రోజు పూర్తిగానూ, రెండో రోజు భోజనం తర్వాతా ఆయన కునికారు. మధ్యలో మెలకువ వచ్చినప్పుడు ఒకే ఒక్క వాక్యం చెవిన పడింది. ప్రతి యూనిక్స్ యంత్రంలోనూ రూట్ అనే వాడొకడుంటాడు, వాడు ఏదైనా చూడగలడు, ఏదైనా తీసెయ్యగలడు, ఎవరి అనుమతీ అక్కర్లేదు అని. ఆయన తిరిగొచ్చిన రోజే పట్టాభిని పిలిపించారు.

"మన మిషన్లో కూడా ఉన్నాడా, ఆ రూట్?"

"ఉన్నాడండి."

"ఎప్పట్నించి?"

"మిషను వచ్చినప్పట్నించీ అండి."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదండి."

"నా సంతకం లేకుండా ఫైళ్లు తీసెయ్యగలడా?"

"తీసెయ్యగలడండి. ఇన్నాళ్లలో ఒక్కటీ తీసెయ్యలేదు."

"ఏ కేడరు అతనిది?"

రూట్ మనిషి కాదనీ, యంత్రంలో ఒక పేరనీ, ఆ పేరుతో లోపలికి వెళ్లి పనిచేసేది తానేననీ పట్టాభి నిజం చెప్పాడు. చెప్పకపోతే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. కాంట్రాక్టు మీద ఉన్నవాడికి కార్యనిర్వహణాధికారిని మించిన అధికారం ఉందన్న సంగతి త్రివిక్రమరావు గారికి మింగుడు పడలేదు. సూపరింటెండెంటు సోమయాజులు గారికి కబురు వెళ్లింది.

సోమయాజులు గారిది ముప్ఫై ఒక్కేళ్ల సర్వీసు. ఏ సమస్యకైనా పరిష్కారం దొరికితే, దాన్ని ఆపే నిబంధన ఎక్కడుందో ఆయనకి పేజీ నంబరుతో సహా తెలుసు. ఫైళ్లు రాసీ రాసీ ఆయన మామూలు మాట కూడా ఫైలులాగే తయారైంది. "అధికారము ఉన్నచో పదవి ఉన్నట్లే. పదవి ఉన్నచో సర్వీసు నిబంధనలు వర్తించును" అని ఆయన తేల్చేశారు.

అలా ఆ సర్క్యులరుతో రూట్ ఒక పోస్టు అయింది. పాస్‌వర్డులో అక్షరాలు పన్నెండు. మొదటి ఆరూ కార్యనిర్వహణాధికారికి, చివరి ఆరూ సూపరింటెండెంటుకి పంచారు. ఒకరు కొడుతున్నప్పుడు రెండోవారు గోడవైపు తిరిగి నిలబడాలి. ఇద్దరూ రోజూ పదిన్నరకి మేడెక్కి రూట్‌ని లోపలికి పంపేవారు. గోడకి క్యాలెండరు ఉండటం వల్ల సోమయాజులు గారికి తిథులూ వర్జ్యాలూ నోటికొచ్చేశాయి. ఉద్యోగి అన్నాక హాజరు ఉండాలి కాబట్టి హాజరుపట్టీలో రూట్ పేరు రాశారు. ఆ పేరు కార్యనిర్వహణాధికారి పేరుకి పైన రాయాలా కింద రాయాలా అని పదిహేను రోజులు చర్చ జరిగి, చివరికి వేరే పేజీ కేటాయించారు. ఆరు నెలల్లో ఒక్క క్యాజువల్ లీవు కూడా పెట్టలేదని సోమయాజులు గారు నెలవారీ మీటింగులో రూట్‌ని చూపించి మిగతావాళ్లకి బుద్ధి చెప్పేవారు.

నష్టమల్లా ఒక్కటే. అంతకుముందు పట్టాభి రోజూ సాయంత్రం బ్యాకప్ టేపు తీసేవాడు. అది రూట్ చేయాల్సిన పని. సాయంత్రం ఇద్దరు అధికారులూ ఆఫీసులో ఉండటం అనేది జరగదు కాబట్టి టేపు తీయడం ఆగిపోయింది. చివరి టేపు మీద ఉన్న తేదీ, సర్క్యులరు రావడానికి ముందు రోజుది.

పట్టాభి సీడీ జేబులో పెట్టుకుని కిందికి దిగాడు. సోమయాజులు గారు విషయమంతా విని, హాజరుపట్టీ తీసి, రూట్ పేజీలో గురువారం గడిలో ఎర్రసిరాతో గీత గీశారు.

"సెలవు చీటీ పెట్టినాడా?" అన్నారు.

"చెడిపోయాడండి. చీటీ ఎలా పెడతాడు? ఈ సీడీతో లేపి బాగుచేస్తాను. గంటన్నర."

"ఆ సీడీతో లేపినచో లోపల ఎవరుందురు?"

"రూటేనండి. సీడీలోంచి వచ్చిన రూట్."

"పాస్‌వర్డు?"

"దానికి అక్కర్లేదండి."

సోమయాజులు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అనగా మా ఇరువురి ప్రమేయము లేకుండా మరియొకడు వచ్చి రూట్ కుర్చీలో కూర్చొనును. ఛార్జి ఎవరప్పగించినారు?"

"ఛార్జా అండి?"

"పాత ఉద్యోగి ఛార్జి అప్పగించవలెను, కొత్త ఉద్యోగి స్వీకరించవలెను, ఇరువురూ మూడు ప్రతులలో సంతకము చేయవలెను. గంటన్నరైననూ అంతే, అరగంటైననూ అంతే."

"పాతవాడు లేవడం లేదు కదండీ. కొత్తవాడు వస్తేనే పాతవాడు లేస్తాడు."

"అటుల కాదు. పాతవాడు లేచి సంతకము చేసిన పిదపనే కొత్తవాడు రావలెను."

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది వ్యవహారం. పట్టాభి నోరు తెరిచేలోగా సోమయాజులు గారు మెమో రాయడం మొదలుపెట్టారు. "ఇందుమూలముగా శ్రీ రూట్ గారికి తెలియజేయునదేమనగా, తాము ముందస్తు అనుమతి లేకుండా విధులకు గైర్హాజరైనందున తమపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో ఈ మెమో అందిన ఇరువది నాలుగు గంటలలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను." అటెండరు సత్తెమ్మ ఆ మెమోనూ తపాలా పుస్తకాన్నీ పట్టుకుని మేడెక్కింది. సర్వరు ముందు కాసేపు మర్యాదగా నిలబడి దిగొచ్చింది.

"తీసుకోలేదండి" అంది.

"ఏమన్నాడు?"

"ఏం అన్లేదండి. లోపల ఫాను తిరుగుతుందంతే."

మెమోని తలుపుకి అంటించారు. ఇరవై నాలుగు గంటలు గడిచేదాకా ఎవరూ ఏమీ చేయడానికి వీల్లేదు కాబట్టి గురువారం అయిపోయింది.

శుక్రవారం పదకొండింటికి త్రివిక్రమరావు గారి గదిలో సమావేశం పెట్టారు. పట్టాభి బతిమాలి ఏడుకొండల్ని కూడా లోపలికి రప్పించాడు. ఆయన తలుపు దగ్గరే చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"పిల్లల భవిష్యత్తు ఈ మండలికి అత్యంత ప్రాధాన్యత గల అంశం. కాబట్టే మనం తొందరపడకూడదు" అన్నారు త్రివిక్రమరావు గారు.

"అయ్యా, ఈ ఒక్కసారికీ చేత్తో రాసిచ్చెయ్యండయ్యా" అన్నాడు ఏడుకొండలు.

అది మాత్రం కుదరదని పట్టాభికీ తెలుసు. మునుపొకసారి ఎవరో దొంగకాగితంతో చిల్లులున్న పంటు నడిపి నడిపాయలో జనాన్ని మెడలోతు నీళ్లలో దింపాక, నంబరున్న అచ్చుకాగితం తప్ప ఏదీ చెల్లదని నిబంధన వచ్చింది. ఆఫీసులో ఉన్న నిబంధనలన్నిటిలోకీ బుద్ధిగలది అదొక్కటే. అదే ఇప్పుడు అడ్డుపడింది.

"రాసిచ్చింది చూపిత్తే పంటుకి తాళవేసేత్తారండి, నిజవే" అని ఏడుకొండలే ఒప్పుకున్నాడు.

అప్పుడు సోమయాజులు గారు లేచి దారులన్నీ వివరించారు. ఉద్యోగి ఛార్జి అప్పగించలేని స్థితిలో ఉన్నాడని తేలితే ఇన్‌చార్జిని నియమించవచ్చు. అయితే అది ఏ స్థితి అనేది ముందు తేలాలి. మరణించాడంటే మునిసిపాలిటీ నుంచి ధ్రువపత్రం కావాలి, అందులో తండ్రిపేరు రాయాలి. సస్పెండు చేయాలంటే విచారణాధికారి కావాలి, ఆ విచారణాధికారి రూట్ కన్నా పైస్థాయి వాడై ఉండాలి. రూట్ కన్నా పైస్థాయి వాడు లేడనే కదా ఈ గొడవంతా. అదృశ్యమయ్యాడంటే పోలీసు ఫిర్యాదిచ్చి ఏడేళ్లు ఆగాలి.

"ఏడేళ్లా? పరీక్షలు సోమవారం కదా" అన్నారు త్రివిక్రమరావు గారు.

"సప్లిమెంటరీ పరీక్షలు కూడా ఉండును" అన్నారు సోమయాజులు గారు.

ఏడుకొండలు పట్టాభి ముఖం వైపు చూశాడు. పట్టాభి కిందికి చూశాడు. పద్నాలుగేళ్లలో ఈ ఆఫీసులో పనిచేస్తున్నందుకు అతను చాలాసార్లు విసుక్కున్నాడు గానీ, సిగ్గుపడటం ఇదే మొదలు.

"జబ్బు చేసిందని రాస్తే?" అన్నాడు ఆఖరికి. "నిజానికి అదేనండి జరిగింది."

అది ఇద్దరు అధికారులకీ నచ్చింది. జబ్బు అంటే డాక్టరు సర్టిఫికెట్టు ఉండాలి. పట్టాభీ సత్తెమ్మా పక్కవీధిలో ఉన్న డిస్పెన్సరీకి వెళ్లారు. అక్కడ వందమంది వరసలో ఉన్నారు. డాక్టరు గారు తల ఎత్తలేదు. పేరు అడిగారు, రూట్ అన్నాడు పట్టాభి. వయసు అడిగారు, ఉజ్జాయింపుగా పంతొమ్మిది అన్నాడు. ఏమయిందన్నారు, లేవలేకపోతున్నాడన్నాడు. "ఎండలు" అని డాక్టరు గారు సర్టిఫికెట్టు రాసి, సంతకం పెట్టి, తర్వాతవాళ్లని పిలిచారు.

పట్టాభి ఉత్సాహంగా ఆ కాగితం తెచ్చి సోమయాజులు గారి ముందు పెట్టాడు. ఆయన రెండుసార్లు చదివారు. "శుక్ర, శని, ఆదివారములు పూర్తి విశ్రాంతి అవసరమని వ్రాసినారు" అన్నారు.

"అయితే ఏంటండీ?"

"విశ్రాంతిలో ఉన్న ఉద్యోగిని లేపరాదు. మూడు దినముల సెలవునకు ఇన్‌చార్జి నియామకము కూడా లేదు. సోమవారము ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు తెచ్చుకొని తనంతట తానే విధులలో చేరవలెను."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా వరమిచ్చాడు, కానీ మూడు రోజులు ఎక్కువ ఇచ్చాడు.

శనివారం ఉదయం ఆఫీసు తెరిచేసరికే ఏడుకొండలు బల్ల మీద ఉన్నాడు. ఈసారి కాగితం సంగతి అడగలేదు. అడగకపోవడమే పట్టాభికి ఎక్కువ గుచ్చుకుంది. "పిల్లల్ని రేపే అవతలొడ్డుకి దాటించేసి, బడిలో పడుకోబెడదారా అనుకుంటున్నామండి. పరీక్షలన్నీ అయ్యేదాకా" అన్నాడు ముసలాయన మెల్లిగా. "ఆడపిల్లలు పద్దెనిమిది మందున్నారు. తల్లులు ఒప్పుకోటం లేదు."

పట్టాభి మేడెక్కాడు. తలుపు మీద సర్క్యులరుంది, దాని కింద మెమో ఉంది. లోపలికి వెళ్లి జేబులోంచి సీడీ తీశాడు. ఉద్యోగం పోతే పోతుంది అనుకున్నాడు. అనుకోవడం తేలికే గానీ ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఈ వయసులో కొత్త పని ఎవరిస్తారన్న భయం కూడా ఉంది. సీడీ పెట్టే అర బయటికి తెరిచాడు. అక్కడే నేల తుడుస్తున్న సత్తెమ్మ గుడ్డ పిండుతూ చూసింది.

"ఆ పని చెయ్యకండి బాబూ. మీ ఉద్యోగం తీసేత్తారు, ఆనక ఆ కాయితం కూడా చెల్లదంటారు."

"మరేం చెయ్యమంటావు సత్తెమ్మా?"

"ఆ రూట్‌ని ఎక్కడికైనా ట్రాన్స్‌ఫర్ చేయించెయ్యండి."

పట్టాభి అర్థంకాక చూశాడు.

"నన్ను తుని నించి ఇక్కడికి మార్చినప్పుడు నేను ఆస్పత్రిలో ఉన్నానండి, ఆపరేషనై. ఛార్జీ లేదు, గీర్జీ లేదు. స్టాండ్ రిలీవ్డ్ అని ఓ ముక్క రాసి మా ఇంటి తలుపుకంటించేసి పోయేరు. అంటే సంతకాలక్కర్లేదు, దిగిపోయినట్టే లెక్కంట. మరి నాకు పనికొచ్చింది ఆడికి పనికిరాదాండి?"

పట్టాభి అర మూసేసి మెట్లు రెండేసి చొప్పున దిగాడు. కానీ సోమయాజులు గారి ముందుకొచ్చేసరికి నడక నిదానం చేశాడు. పద్నాలుగేళ్లలో అతను నేర్చుకున్నది ఒకటుంది. ఈ ఆఫీసులో సమస్యకి పరిష్కారం అని చెబితే ఎవరూ చేయరు, శిక్ష అని చెబితే వెంటనే చేస్తారు.

"నాకొకటి బాధగా ఉందండి" అన్నాడు. "చెప్పాపెట్టకుండా ఎగ్గొట్టి, మెమో తీసుకోకుండా, సంజాయిషీ ఇవ్వకుండా, పైగా మెడికల్ లీవు పెట్టిన మనిషిని కాకినాడలాంటి ఊళ్లో హాయిగా ఉంచడం ఏమిటండీ?"

సోమయాజులు గారి ముఖం విప్పారింది. "బదిలీ" అన్నారు.

"మెడికల్ లీవులో ఉన్నవాణ్ణి చెయ్యొచ్చా అండి?"

"బదిలీ తప్పించుకొనుటకే కదా అందరూ మెడికల్ లీవు పెట్టుదురు. అందుకే స్టాండ్ రిలీవ్డ్ అను నిబంధన ఉన్నది. ఉత్తర్వు వెలువడిన క్షణముననే పదవి నుండి విముక్తుడైనట్లు భావించబడును."

"ఛార్జి అప్పగింత?"

"భావించబడును."

త్రివిక్రమరావు గారు ఉత్తర్వు చదివి కలం తీశారు. ఎక్కడికి బదిలీ అన్న గడి ఖాళీగా ఉంది. శిక్ష కాబట్టి మంచి ఊరు ఇవ్వకూడదన్నారు. ప్రజలకి ఇబ్బంది కలిగించినవాడు ఆ ప్రజల దగ్గరే పనిచేయాలని కూడా అన్నారు. ఏడుకొండల్ని పిలిచి మీ రేవులో ఖాళీ ఉందా అని అడిగారు. "పంటుకి గడ వేసేవోడి ఖాళీ మూడేళ్ల నించీ ఉందండి" అన్నాడాయన. పదకొండున్నరకి రూట్ గారు కొత్తపాయలంక రేవుకి బదిలీ అయ్యారు. తదుపరి ఉత్తర్వుల వరకు ఇన్‌చార్జిగా పట్టాభిని నియమించారు. ఉత్తర్వు ప్రతి ఒకటి ఏడుకొండలు చేతిలో పెట్టి, ఉద్యోగి చేరిందీ లేనిదీ సోమవారం పదిన్నరలోగా రిపోర్టు పంపమన్నారు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి సంచిలో పెట్టుకున్నాడు.

బాగుచేత ఇద్దరు అధికారుల సమక్షంలో జరగాలన్నారు. ఇద్దరూ గోడవైపు తిరిగి నిలబడ్డారు. పాస్‌వర్డు ఏదీ లేదు, తిరగక్కర్లేదని పట్టాభి అన్నాడు గానీ అలవాటైన చోటే బాగుంటుందన్నారు. సీడీతో యంత్రం లేచింది. తనిఖీ ప్రోగ్రాం మొదలైంది. అది చాలా మర్యాదగల ప్రోగ్రాం. చెడిన ప్రతి చోటా ఆగి, ఇది సరిచెయ్యమంటారా, అవునా కాదా అని అడుగుతుంది.

"ఏమడుగుచున్నది?" అన్నారు సోమయాజులు గారు గోడతోనే.

పట్టాభి చదివి చెప్పాడు. ఇది నిర్ణయానికి సంబంధించిన అంశం కాబట్టి నోటు పెట్టాలన్నారు. నోటు పెట్టారు. త్రివిక్రమరావు గారు పొడి సంతకం చేశారు. పట్టాభి అవును అని కొట్టాడు. పది నిమిషాలు పట్టింది. రెండో ప్రశ్న వచ్చింది. మళ్లీ నోటు. నాలుగో ప్రశ్న దగ్గరకొచ్చేసరికి పన్నెండున్నరయింది.

"సార్, ఇవి తొమ్మిది వందలుండొచ్చు" అన్నాడు పట్టాభి. "ముందే ఒక మాట చెప్పేస్తే అన్నిటికీ అదే అవును అనేసుకుంటుందండి."

సోమయాజులు గారు నిబంధన మరిచి గోడవైపు నుంచి ఇటు తిరిగారు. "చదవకుండా, చూడకుండా, అన్నింటికీ ఒక్కసారే అవుననుటయా? అటువంటి పద్ధతి ఏ ఆఫీసులోనైనా ఉండునా?"

త్రివిక్రమరావు గారు కలానికి మూత పెట్టారు. రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి సోమయాజులు గారే అరవై ఫైళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టేవారు. పన్నెండూ పదికల్లా అరవై సంతకాలూ అయిపోయేవి. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"కానివ్వండి" అన్నారు త్రివిక్రమరావు గారు. "మనకి అలవాటు లేనిదేమీ కాదు."

తొమ్మిది వందల ప్రశ్నలకీ పావుగంటలో అవును వచ్చేసింది. పట్టాభి టేపు పెట్టి పోయిన ఫైళ్లన్నీ వెనక్కి తెచ్చాడు. రెండుంపావుకి సీడీ తీసేసి మళ్లీ లేపితే సర్వరు తనంతట తానే లేచి, తన పేరు తాను చెప్పుకుంది. మూడు గంటలకి కొత్తపాయలంక పంటు కాగితం నంబరుతో సహా అచ్చయింది.

ఏడుకొండలు దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. సిరా ఆరిందో లేదోనని కాసేపు గాలికి ఆడించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరుని చొక్కా లోపల పెట్టుకున్నాడు. "ఉంటానండి బాబూ, మూడున్నర బస్సుంది" అన్నాడు. మెట్ల దాకా వెళ్లి వెనక్కొచ్చి సత్తెమ్మకి కూడా దణ్ణం పెట్టి వెళ్లాడు. పట్టాభి టేపుల పెట్టె సర్దే వంకతో అటు తిరిగాడు.

సోమవారం పదిన్నరకి ఇద్దరు అధికారులూ యథాప్రకారం మేడెక్కారు. సర్క్యులరు రద్దు కాలేదు కదా. త్రివిక్రమరావు గారు తన ఆరు అక్షరాలూ కొట్టారు. సోమయాజులు గారు తన ఆరూ కొట్టారు. యంత్రం ఒప్పుకోలేదు. మళ్లీ కొట్టారు. మళ్లీ ఒప్పుకోలేదు. త్రివిక్రమరావు గారు సోమయాజులు గారి వేళ్ల వైపు చూశారు. సోమయాజులు గారు త్రివిక్రమరావు గారి వేళ్ల వైపు చూశారు. తాను మరిచిపోయానని ఎవరూ అనరు, మీరు మరిచిపోయారని పైవాణ్ణి అనలేరు.

కారణం పట్టాభికి తెలుసు. టేపు సర్క్యులరుకి ముందు రోజుది. దాంతోపాటు ఆనాటి పాస్‌వర్డు కూడా తిరిగొచ్చింది. అది పద్నాలుగేళ్లుగా అతనొక్కడికే తెలిసిన పాస్‌వర్డు. చెప్పేద్దామని నోరు తెరిచాడు.

"ఇందులో ఆశ్చర్యమేమున్నది?" అన్నారు సోమయాజులు గారు అంతలోనే. "రూట్ శనివారమే బదిలీ అయినాడు. పోస్టు ఖాళీగా ఉన్నది. ఖాళీ పోస్టులోనికి ఎవరిని మాత్రము రానిచ్చును?"

త్రివిక్రమరావు గారి ముఖంలో బెంగ తీరిపోయింది. "చూశారా పట్టాభీ, నిబంధన అంటే యంత్రానికి కూడా ఎంత గౌరవమో. పైనుంచి కొత్త రూట్‌ని నియమించేదాకా ఇక మేం మేడెక్కే పని లేదు."

"మరి మిషను పనులండి?"

"ఇన్‌చార్జి మీరే కదా. తదుపరి ఉత్తర్వుల వరకు."

ఆ ఆఫీసులో తదుపరి ఉత్తర్వులు ఎంత తొందరగా వస్తాయో పట్టాభికి బాగా తెలుసు. తెరిచిన నోరు మూసుకుని, ఆరు నెలల తర్వాత మొదటి బ్యాకప్ టేపు పెట్టెలోంచి తీశాడు. అంతలో ఫోను మోగింది.

"దాటేరండి బాబూ" అన్నాడు ఏడుకొండలు. వెనకాల ఇంజను చప్పుడవుతోంది. "నలభైముగ్గురూ దాటేరు. అరగంట ముందే దింపేశాను. మా పిల్లయితే పంటు మీద కూడా పుస్తకం వదల్లేదండి."

"మంచి మాట చెప్పారు" అన్నాడు పట్టాభి.

"ఇంకోటండి. ఆ రూట్ గారు. ఆయన చేరేడో లేదో పదిన్నరలోగా రిపోర్టు పంపాలని మీరిచ్చిన కాయితంలో ఉంది గదండీ. మడిసి రాలేదు. రాలేదని రాత్తే మళ్లీ మెమో అంటారు, మీటింగంటారు, పంటు ఆపేత్తారేమోనని భయవేసి, వచ్చేడని రాసేశానండి."

"మంచిపని చేశారు."

"ఆయ్. కానీ ఆ రిపోర్టు ఫారంలో ఓ గడుందండి. ఈత వచ్చా రాదా అని. రేవులో పనిచేసేవోళ్లకి తప్పనిసరంట."

"ఏం రాశారు?"

"మూడ్రోజులు మునిగి తేలినోడు గదండీ" అన్నాడు ఏడుకొండలు. "వచ్చనే రాశాను."